బావగారి పెట్టె పదకొండుసార్లు ఆగింది

సెట్లలో ఒకరితో ఒకరం మాట్లాడుకునే మా రేడియో క్లబ్బులో ఆయన్ని అందరూ బావగారనే పిలిచేవారు. ఆయనకన్నా పదేళ్ళు పెద్దవాడైన పళ్ళ డాక్టరు కూడా మైకు పట్టుకుని "బావగారూ, వినపడుతున్నానా?" అనేవాడు. దీనికంతటికీ కారణం ఆయన భార్య తమ్ముడు. క్లబ్బులో మొదట చేరింది ఆ ఇద్దరే. తమ్ముడు మైకులో "బావా, బావా" అంటుంటే విన్నవాళ్ళందరికీ అదే అలవాటైపోయింది. అదే లెక్కన తమ్ముడు అందరికీ బామ్మర్ది అయ్యాడు. నేనొక్కదాన్నే బావగారిని మేష్టారూ అనేదాన్ని. నాకు మోర్సు, అంటే చుక్కలూ గీతల సంకేత భాష, నేర్పింది ఆయనే. పైగా ఊరంతా వినే ఫ్రీక్వెన్సీలో పరాయి మగవాణ్ణి బావా అని పిలిస్తే, మా ఆయన సంగతి ఎలా ఉన్నా, మా అత్తగారు నా సెట్టుని నీళ్ళ తొట్టిలో పడేసి ఉండేది.

మేష్టారు టాక్సీ మీటర్లు బాగుచేసేవారు. బస్టాండు వెనక సందులో, ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే మూడోవాడు బయట నిలబడాల్సినంత షాపు. బల్ల మీద పసుప్పచ్చ దీపం, కంటికి బిగించుకునే భూతద్దం, గుడ్డ సంచిలో వరసగా తొమ్మిది స్క్రూడ్రైవర్లు. అన్నిటికన్నా చిన్నది అగ్గిపుల్ల కన్నా సన్నం. మీటరు బాగుచేశాక సీసం ముద్ర వేసి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, తృప్తిగా తలూపేవారు. "అన్నా, కొంచెం తొందరగా తిరిగేలా చూడరాదా" అని అడగని డ్రైవరు లేడు. "అది అబద్ధమాడినా దానికి తెలీదురా. నాకు తెలుస్తుంది. పో" అనేవారు. ముప్పై ఏళ్ళు అలాగే గడిచాయి. ఆయన ముద్ర ఉన్న మీటరుతో ప్రయాణికులు పేచీ పెట్టుకునేవారు కారు.

రిపీటరంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట చెబుతాను. మా చేతి సెట్ల గొంతు నాలుగు వీధులు దాటదు. ఎత్తైన చోట ఒక యంత్రం పెడితే అది మా మాటను వింటూనే, అదే క్షణంలో పెద్ద గొంతుతో చుట్టూ అరవై కిలోమీటర్లకు వినిపిస్తుంది. వినే చెవికీ అరిచే గొంతుకూ మధ్య కూర్చుని, ఎప్పుడు నోరు తెరవాలో ఎప్పుడు మూసుకోవాలో తేల్చేదాన్ని కంట్రోలరు అంటారు. మా రిపీటరు ఊరి చివర వాటర్ ట్యాంకు పైన, తొట్టి అడుగున కట్టిన రేకుల గదిలో ఉంది. నూట అరవై ఎనిమిది మెట్లు, గుండ్రంగా. గాలివాన వచ్చి ఫోన్లన్నీ మూగబోయిన రోజున మా ఆస్పత్రివాళ్ళు రక్తం కోసం ఊళ్ళకు కబురు పెట్టింది దాని మీదే. నేను ఆ ఆస్పత్రిలోనే ఎక్స్‌రేలు తీస్తాను కాబట్టి ఇది విన్నమాట కాదు, చూసిన మాట.

ఆ కంట్రోలరును పంతొమ్మిదేళ్ళ కిందట మేష్టారు తన చేతులతో తయారుచేశారు. కరెంటుకు టక్కున కదిలే పద్నాలుగు రిలే మీటలు, పాత మీటర్ల పళ్ళ చక్రాలు, ఒక చెక్కపెట్టె. మా క్లబ్బు కాల్‌సైనును మోర్సులో పలకడానికి ఒక ఇత్తడి చక్రం అంచును ఆకురాయితో చుక్కలుగా గీతలుగా అరగదీశారు. పది నిమిషాలకోసారి అది తిరిగి తన పేరు చెప్పుకునేది. ఎవరైనా మూడు నిమిషాలు దాటి మైకు వదలకపోతే ఇంకో చక్రం వచ్చి నోరు మూయించేది. పళ్ళ డాక్టరు తన ప్రయాణాల కథ మొదలుపెట్టినప్పుడల్లా ఆ చక్రానికి మనసులో దండం పెట్టుకునేవాళ్ళం.

ఇంకొక ఏర్పాటు కూడా ఉంది, ఈ కథకు అదే ముఖ్యం. ఎవడైనా దుర్మార్గుడు రిపీటరులో దూరి బూతులు మొదలుపెడితే ఆపడానికి ఐదంకెల కోడు. సెట్టు మీది బొత్తాలతో ఆ ఐదూ వరసగా నొక్కితే పెట్టెలో ఒక రిలే టక్కున కిందికి పడి, రిపీటరు మొత్తం ఆగిపోతుంది. ఆ రిలేను మేష్టారు గొళ్ళెం అనేవారు. కోడు కొట్టే చప్పుడును మాత్రం పెట్టె బయటికి వినిపించనిచ్చేది కాదు. గొళ్ళెం పడ్డాక మళ్ళీ తీయాలంటే ఎవరో ఒకరు మెట్లెక్కి చేత్తో పైకి లేపాల్సిందే. కిందనుంచే తీసేలా ఎందుకు చేయలేదని ఒకసారి అడిగాను. "ఆపాల్సినంత తప్పు జరిగిందంటే, మళ్ళీ మొదలుపెట్టే ముందు ఒక మనిషి వెళ్ళి కళ్ళారా చూడాలమ్మా" అన్నారు. ఆ కోడు ముగ్గురికే తెలుసు. మేష్టారికి, బామ్మర్దికి, నాకు. పంతొమ్మిదేళ్ళలో దాన్ని నిజంగా వాడాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు.

బామ్మర్ది గురించి కూడా చెప్పాలి. తల్లి పోతే, నాలుగేళ్ళవాడిగా అక్క చంకనెక్కి ఆమెతో పాటు ఆ ఇంటికి వచ్చాడు. టంకం పెట్టడం ఆ బల్ల మీదే నేర్చుకున్నాడు. ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని, అక్క ఉన్న వీధిలోనే కాపురం. పెళ్ళయినా ఆదివారం భోజనం మాత్రం అక్క దగ్గరే. మంచి మాటకారి, చమత్కారి. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి గాలిలో మా అందరి హాజరూ అతనే తీసుకునేవాడు. ఒక్క లోపం, ఎత్తంటే భయం. మూడో మెట్టు మీదే కళ్ళు తిరుగుతాయి. అందుకని ట్యాంకు ఎక్కాల్సి వస్తే మేష్టారూ నేనూ ఎక్కేవాళ్ళం. అతను కింద సైకిళ్ళ దగ్గర సెట్టు పట్టుకుని నిలబడేవాడు.

మొదటిసారి ఆగినప్పుడు వాన పడుతోంది. మేష్టారి కుడి మోకాలు అప్పటికే అరిగిపోయి ఉంది. మా ఆస్పత్రిలో ఆ ఎక్స్‌రే తీసింది నేనే, అందులో ఎముకకూ ఎముకకూ మధ్య ఉండాల్సిన సందు ఎంత మిగిలిందో నాకు తెలుసు. ప్రతి ముప్పై మెట్లకూ ఆగుతూ ఎక్కారు. పైన పెట్టె మూత తీస్తే గొళ్ళెం కిందికి పడి ఉంది. వేలితో లేపారు. రిపీటరు వెంటనే లేచింది.

"తేమ" అన్నారు. ట్యాంకు అడుగు కాబట్టి ఆ గది గోడ ఏడాది పొడుగునా చెమరుస్తూనే ఉంటుంది. నమ్మకూడని మాటేమీ కాదు.

పది రోజుల తర్వాత మళ్ళీ ఆగింది. రిలే కొసలు తుడిచారు. వారానికి మళ్ళీ. రిలే మార్చారు. మళ్ళీ. తీగలు మార్చారు. మళ్ళీ. పెట్టె లోపల దీపం పెట్టి వెచ్చగా ఉంచారు. మళ్ళీ. ఎక్కిన ప్రతిసారీ కిందనుంచి బామ్మర్ది గొంతు, "బావా, మెల్లగా. తొందరేం లేదు. మోకాలు జాగ్రత్త" అని. ఆ మాటలు వింటూ ఎంత మంచి మనిషో అనుకున్నాను. నా బుద్ధికి నేనే నవ్వుకోవాలి.

తొమ్మిదోసారి ఒక శనివారం మిట్టమధ్యాహ్నం. గదిలో వెలుతురు చాలదు, బరువైన టార్చిని నేను రెండు చేతులతో పట్టుకున్నాను. నా సెట్టు ఇంట్లో ఛార్జింగులో ఉంది. మేష్టారి సెట్టు మేకుకు వేలాడుతోంది. ఆయన గంటసేపు కూర్చుని ప్రతి మరనూ బిగించి, ప్రతి అతుకునూ లాగి చూసి, గొళ్ళెం పైకి లేపి, "ఇక పడదు. పడితే నా చేయి నరుక్కుంటాను" అన్నారు. ఆ మాట పూర్తయి ఊపిరి పీల్చేలోగా, మా ఇద్దరి కళ్ళముందే, టక్.

ఆయన ముఖం చూడలేక టార్చి పక్కకు తిప్పేశాను. మేకుకున్న సెట్టు మాట్లాడింది. రిపీటరు లేకపోయినా కింద నుంచి పైకి నేరుగా అందుతుంది కదా. "మళ్ళీ పోయిందా బావా? అయ్యో."

ఆ రోజు దిగుతున్నప్పుడు నడిమెట్లలో కూర్చుండిపోయారు. తన రెండు చేతులూ ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "కళ్ళు సరిగ్గానే ఉన్నాయమ్మా. వేళ్ళకే ఏదో అయింది. బిగించానని నేననుకుంటున్నాను, అవి బిగించట్లేదు." నేను కాదన్నాను. కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు, ఆయన దగ్గర తొమ్మిది ఉన్నాయి.

ఆ వారమే కొత్త కంట్రోలరు ఎంచుకోవడానికి క్లబ్బు ముగ్గురితో కమిటీ వేసింది. మళ్ళీ మేమే ముగ్గురం. మూడు దార్లు ఉన్నాయి. ఒకటి, పాత పెట్టెనే ఇంకోసారి మొదటినుంచీ విప్పి కట్టడం. రెండు, ఫ్యాక్టరీలో తయారైన కంట్రోలరు తెప్పించడం. మూడు, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు బోర్డు కొని, దాన్ని నడిపే ప్రోగ్రామును బామ్మర్ది రాసిపెట్టడం. మొదటి దారికి నేను ఓటన్నాను. మూడోదానికి బామ్మర్ది.

మేష్టారు మాత్రం తన పెట్టె మీద మమకారం ఉన్నట్టు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంకెవరి ఇంటికో వస్తువు కొంటున్నట్టు, నోటుబుక్కులో ప్రశ్నలు రాసుకుని వచ్చారు. "కరెంటు పోయి వచ్చాక ఇది ఎలా లేస్తుంది? మాట్లాడుతూ లేస్తుందా, నోరు మూసుకుని లేస్తుందా?" ఫ్యాక్టరీ కంట్రోలరు కాగితాల్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు, ఆయన దాని పేరు కొట్టేశారు. "పైన టార్చి వెలుగులో మూత తీస్తే ఏది చెడిందో కంటికి కనపడుతుందా?" బోర్డుకు కనపడదు. బామ్మర్ది లాప్‌టాపు తెరిచి, కిందనుంచే అంతా కనపడుతుందని చూపించాడు. మెట్లెక్కే పనే లేదన్నాడు. మనిషి గొంతుతో కాల్‌సైను చెబుతుందన్నాడు, టైం చెబుతుందన్నాడు, ఆగితే దానంతట అదే లేస్తుందన్నాడు. అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఆఖరి ప్రశ్న దగ్గర మేష్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"దీని బుర్రలో ఏం రాశావో నీకు తప్ప ఇంకెవరికి తెలుస్తుందిరా?"

"నేనున్నాగా బావా" అన్నాడు బామ్మర్ది.

మేష్టారు ఆ ప్రశ్న పక్కన సరే అన్నట్టు టిక్కు పెట్టారు. ఫ్యాక్టరీ కంట్రోలరును ఒక్క ప్రశ్నకే కొట్టేసిన మనిషి, బామ్మర్ది దగ్గరికి వచ్చేసరికి మాటతో సరిపెట్టుకున్నారు.

తర్వాత రెండు వారాల్లో పదోసారి ఆగింది, పదకొండోసారి ఆగింది. పదకొండోసారి దిగి వచ్చేసరికి మోకాలు కుండలా వాచింది. లైబ్రరీ వెనక గదిలో మీటింగు. ఇరవైమందిమి ఉంటాం. మేష్టారు కుర్చీ వీపు పట్టుకుని లేచారు. "నాలుగు నెలలుగా మీ అందరినీ ఇబ్బంది పెట్టాను. తప్పు పెట్టెది కాదు, నా చేతులది. మావాడు చెప్పిన బోర్డే పెడదాం. నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. క్షమించండి" అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళను చాలామందిని చూశాను, మద్దెల తప్పేమీ లేదు, నాకే ఆట రాదు అని నిలబడి చెప్పినవాణ్ణి ఆ రోజే చూశాను. బామ్మర్ది లేచి వెళ్ళి ఆయన్ని కౌగిలించుకున్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అంతటితో ఆగితే రేడియో పిచ్చివాళ్ళ గొడవే కదా అనుకోవచ్చు. ఆగలేదు. మర్నాడు మేష్టారు షాపుకు సగం షట్టరు దించారు. మీటర్లు తెచ్చిన డ్రైవర్లను తిప్పి పంపేశారు. "పదకొండుసార్లు తప్పిన చేయి ఊళ్ళోవాళ్ళ మీటర్లు ముట్టుకోకూడదమ్మా. ముద్ర వేశాక అది తప్పు చూపిస్తే?" ముప్పై ఏళ్ళ బేరం, అరవై రెండేళ్ళ మనిషి. ఇంట్లో కూర్చుంటే ఏం చేస్తారు? గోడ గడియారాన్ని కూడా విప్పడం మానేశారు. ఆ తొమ్మిది స్క్రూడ్రైవర్ల సంచిని చుట్టి, ముడి వేసి, బామ్మర్ది చేతిలో పెట్టారు. "నీకు పనికొస్తాయి" అన్నారు. అతను వద్దనలేదు. రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

కొత్త బోర్డు పెట్టారు. దాన్ని పైకి మోసిందీ, పాత పెట్టెను దించి మేష్టారి షాపులో పెట్టిందీ మేమే, చెప్పానుగా, అతనికి కళ్ళు తిరుగుతాయి. కాల్‌సైను, టైము, హెచ్చరికలు అన్నీ బామ్మర్ది తన సొంత గొంతుతోనే రికార్డు చేశాడు. మూడు నిమిషాలు దాటితే "మీ సమయం అయిపోయింది, దయచేసి మైకు వదలండి" అని హుషారుగా చెబుతుంది. ఊరంతా అదే గొంతు. బాగానే పనిచేస్తోంది, ఆగలేదు. ఆగుతుందా మరి.

ఒకరోజు అక్క ఇంట్లో టీ తాగుతూ బామ్మర్ది గొప్ప చెప్పుకున్నాడు. "బావా, మన బోర్డు ఎవరైనా కోడు కొడితే ఏ రోజు, ఏ గంటకు కొట్టారో రాసిపెట్టుకుంటుంది. మీ పాతదానికి ఇవన్నీ ఎక్కడివి?"

మేష్టారు నవ్వి ఊరుకున్నారట. ఆ సాయంత్రం పాత పెట్టె పక్కనుంచి వెళుతుంటే గుర్తొచ్చిందట, తన పెట్టే కూడా ఒకటి రాసిపెట్టుకుంటుందని.

మర్నాడు ఆస్పత్రికి ఫోను చేశారు. "డ్యూటీ అయ్యాక ఒకసారి షాపుకు రా అమ్మాయ్." వెళ్ళేసరికి సగం షట్టరు కింద దీపం వెలుగుతోంది. పెట్టె బల్ల మీద బోర్లా పడుకుని ఉంది, వెనక చెక్క ఊడదీసి ఉంది. పక్కనే వంటింటి చాకు. స్క్రూడ్రైవర్లు ఇచ్చేశారు కదా, దానితోనే మరలు తిప్పారు. పైన ఉన్నన్నాళ్ళూ ఆ వెనక చెక్క గోడకు ఆని ఉండేది, పంతొమ్మిదేళ్ళుగా దాన్ని ఎవరూ తీయలేదు. మేం విప్పినప్పుడల్లా ముందు మూతే విప్పేవాళ్ళం.

లోపల, మూలగా, ఒక టాక్సీ మీటరు కౌంటరు బిగించి ఉంది. తెల్ల అంకెలు, నల్ల చక్రాలు. దాని పక్కన పాత కాగితం అతికించి ఉంది.

"ఆ అంకె చదువు" అన్నారు.

"పదిహేను."

"కాగితం మీద?"

"నాలుగు. పరీక్షించినవి అని రాసుంది."

"పెట్టె కట్టిన రోజు నేను కోడు నాలుగుసార్లు కొట్టి చూశాను. మీటర్లవాణ్ణి కదా, లెక్క లేకపోతే నిద్రపట్టదు. అందుకని అది పెట్టా. ఐదంకెలూ వరస తప్పకుండా వస్తేనే అది ఒక్క పన్ను జరుగుతుంది. తేమకు జరగదు. రిలే జారినా జరగదు. నేనే దాన్ని మర్చిపోయాను."

పదిహేనులోంచి నాలుగు తీసివేయడం నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. పదకొండు. పెట్టె ఒక్కసారీ చెడిపోలేదు. పదకొండుసార్లు ఎవరో ఆగమన్నారు, అది ఆగింది. ఆయన చేతులకేమీ కాలేదు. ఆయన బిగించిన ప్రతి మరా బిగిసే ఉంది.

ఆ సంతోషం ఆయన ముఖంలో లేదు. భూతద్దం చేతిలో తిప్పుతూ, నా వైపు చూడకుండా అడిగారు. "ఆ కోడు మూడు చేతుల్లో ఉంది. ఒకటి నాది. నువ్వా, అమ్మాయ్?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నూట అరవై ఎనిమిది మెట్లూ ఆయన వెనక, ఆయన పడితే పట్టుకుందామని ప్రతిసారీ ఎక్కినదాన్ని. బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టాను. "తొమ్మిదోసారి గుర్తుందా మేష్టారూ? గొళ్ళెం మన కళ్ళముందే పడింది. అప్పుడు నా రెండు చేతుల్లో ఏముంది?"

"టార్చి" అన్నారు, చాలా మెల్లగా.

"మీ సెట్టు ఎక్కడుంది?"

"మేకుకు."

"కింద సెట్టు పట్టుకుని నిలబడింది ఎవరు?"

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టేశారు. ఆయన ముఖం చూశాక నా కోపం దిగిపోయింది. ఆయన నన్ను అనుమానించి అడగలేదు. నేనే అని చెబుతానేమోనని ఆశపడి అడిగారు. దోషిని నేనైతే ఆయన నన్ను నాలుగు తిట్టి, ఇంటికి వెళ్ళి, భార్య ముఖం చూసి అన్నం తినగలరు.

ఇక్కడి నుంచి నేను అతన్ని వాడు అనే రాస్తాను. ఇంతవరకు మర్యాద ఇచ్చినందుకే నాకు చిరాగ్గా ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మేష్టారి మీటరు పట్టింది. వాడికి ఎత్తంటే భయం కాబట్టి ఒక్కసారీ పైకి రాలేదు, రాలేదు కాబట్టి పెట్టె వెనక ఏముందో వాడికి తెలియదు. ఎందుకు చేశాడో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఇరవై ఏళ్ళు ఊరంతా బామ్మర్దీ అని పిలిచి పిలిచి వాడికి విసుగెత్తి ఉంటుంది. బావగారి రిపీటరు కాకుండా తన రిపీటరు కావాలనిపించి ఉంటుంది. అంతే అయితే అడగొచ్చు. అడిగితే ఆ మహానుభావుడు తన పెట్టెను తన చేతులతోనే విప్పి కిందికి దించి ఉండేవారు. బావ మోకాలు బాధ చూడలేక చేశాడని ఎవరైనా వాడి తరఫున అంటారేమో. మోకాలి మీద అంత ప్రేమ ఉన్నవాడు దాన్ని పదకొండుసార్లు ఎక్కిస్తాడా? పోనీ అదీ వదిలేస్తాను. చేతులు పాడయ్యాయని ఆ మనిషి కుమిలిపోయి స్క్రూడ్రైవర్లు ఇచ్చేస్తుంటే, అవి పాడవలేదని తెలిసిన ఒకే ఒక్క మనిషి, వాటిని కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

"రేపే మీటింగు పెట్టిస్తా. ఈ కౌంటరు తెచ్చి అందరి ముందూ పెడదాం" అన్నాను.

"వద్దమ్మా."

"ఎందుకొద్దు? మీరు అందరిముందూ క్షమాపణ చెప్పలేదా?"

"మా ఆవిడ వాణ్ణి తమ్ముడిలా పెంచలేదు, కొడుకులా పెంచింది. ఇది తెలిస్తే వాడికేమీ కాదు. దానికే అవుతుంది."

"అయితే ఊరుకుంటారా?"

"ఊరుకోను." చాకు తీసి చొక్కా అంచుకు తుడిచారు. "నాకు తెలుసని వాడికి తెలియాలి. అంతే."

ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ సెట్టు వంటింటి గూట్లో ఉంటుంది, ఆవిడ తమ్ముడి గొంతు వింటూ కూరలు తరుగుతుంది. ఎనిమిదైంది. వాడు హాజరు మొదలుపెట్టాడు. పళ్ళ డాక్టరు పలికాడు, బేకరీ ఆయన పలికాడు, డ్రైవింగు స్కూలాయన పలికాడు. ఒక్కొక్కరికీ ఒక్కో జోకు. తర్వాత "ఇప్పుడు మన బావగారు. ఏం బావా, ఏంటి విశేషాలు?" అన్నాడు.

మేష్టారు మైకు అందుకున్నారు. చేయి వణకలేదు, నేను చూశాను. తన కాల్‌సైను చెప్పి, "విశేషాలేం లేవురా. నిన్న పాత పెట్టె వెనక చెక్క తీశాను. అందులో కోడు కొడితే తిరిగే మీటరొకటి పెట్టాను, మర్చిపోయాను. పదకొండు తిరిగింది" అన్నారు. అని, మైకు వదిలేశారు.

విన్న ఇరవైమందిలో ఎవరికీ ఏమీ అర్థమై ఉండదు. మీటర్లవాడు మీటరు గురించి మాట్లాడాడనుకుని ఉంటారు. వాడు బొత్తాం నొక్కాడు. నొక్కాడని మాకు తెలిసింది, ఎందుకంటే గాలిలో సరసర ఆగిపోయి వాడి గది వినపడింది. ఫ్యాను చప్పుడు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. వాడి ఊపిరి. మాట మాత్రం లేదు. వేలు తీయలేకపోయాడు, నోరు తెరవలేకపోయాడు. ఒక నిమిషం. ఆవిడ కత్తిపీట ఆపి గూటి వైపు చూసింది. రెండు నిమిషాలు. మేష్టారు తల వంచుకుని నేల మీది పలకలు చూస్తున్నారు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు జారి చొక్కా మీద పడుతున్నాయి, తుడుచుకోలేదు. ఆవిడ అటు తిరిగి ఉంది కాబట్టి చూడలేదు.

మూడో నిమిషం నిండగానే బోర్డు తన పని తాను చేసింది. వాడి నోరు మూసి, వాడి గొంతుతోనే హుషారుగా చెప్పింది. "మీ సమయం అయిపోయింది, దయచేసి మైకు వదలండి."

"ఇదేంటండీ?" అంది ఆవిడ. "వాడు పలకట్లేదేంటి? వాడి గొంతే వాణ్ణి ఆపుతుందేంటి?"

నేను నోరు తెరిచాను. మేష్టారు చేయి కొంచెం ఎత్తి నన్ను ఆపారు.

"కొత్త పెట్టె కదా" అన్నారు. "దాన్లో ఏదో లోపం ఉన్నట్టుంది."

"అయ్యో. మీరు మాత్రం ఆ మెట్లెక్కకండి. మధ్యాహ్నం భోజనానికొస్తాడుగా, వాడే చూసుకుంటాడు" అని ఆవిడ మళ్ళీ కూర తరగడంలో పడింది. ముప్పై ఏళ్ళలో ఒక్క మీటరు చేత కూడా అబద్ధం ఆడించని మనిషి, అలాగే అని తలూపారు.